గోల్కొండ: ఒకే కోట, రెండు భాషల కథ

గోల్కొండను చూడని విద్యార్థి మన కళాశాలలో బహుశా ఉండడు. కాని చూచివచ్చినవారిని ఏమి తెలుసుకున్నారని అడిగితే వచ్చే సమాధానం తరచుగా మూడు ముక్కల్లో ముగుస్తుంది: క్రింద చప్పట్లు కొడితే పైన వినిపిస్తుంది, మెట్లు చాలా ఉన్నాయి, రామదాసును బంధించిన గది చూచాము. వంద మంది ఒకే బస్సులో వెళ్ళి, ఒకే గంటలో కోట ఎక్కి దిగి, ఫోటోలు తీసుకొని వస్తే ఇంతకన్న ఎక్కువ దక్కదు. అందుచేత ఈ వ్యాసంలో మేము మరొక పద్ధతిని సూచించదలచాము. పది పన్నెండు మంది చిన్న బృందంగా ఏర్పడి, ఒక వాహనం మాట్లాడుకొని, ప్రభుత్వ గుర్తింపు గల గైడును గంటల లెక్కన కాక పూర్తి దినానికి నియమించుకొని, ఉదయం గోల్కొండలో ప్రారంభించి సాయంకాలం చార్మినారు వద్ద ముగించే యాత్ర అది. గంటకు ఇంతని మాట్లాడుకున్న గైడుకు తొందర సహజం. దినమంతా మనతో ఉండేవాడు ప్రశ్నకు ఆగుతాడు.

ఈ విధంగా వెళ్ళిన బృందంలో ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు కలిసి ఉండాలని మేము గట్టిగా చెబుతాము. ఇది సౌహార్దం కోసం చేసే మర్యాద మాట కాదు. మేము వెళ్ళిననాడు గైడు మొట్టమొదట అడిగిన ప్రశ్న "తెలుగులో చెప్పనా, ఉర్దూలో చెప్పనా?" అన్నది. రెండింటిలోనూ చెప్పమన్నాము. ఆయన పాపం శ్రమకు వెనుదీయక ప్రతి చోటా రెండుసార్లు చెప్పాడు. అప్పుడు గమనించినది ఏమంటే, భాష మారగానే కథ కూడా మారింది. తెలుగులో అబుల్ హసన్ తానాషా రామదాసును చెరలో పెట్టి, తరువాత శ్రీరాముని దర్శనంతో పశ్చాత్తాపపడిన ప్రభువు. ఉర్దూలో అదే తానాషా, మొగలు సేనాపతులు తనను పట్టుకొనడానికి అంతఃపురంలోకి వచ్చినప్పుడు తొణకక బెణకక, వారిని కూడ భోజనానికి ఆహ్వానించిన చివరి సుల్తాను. మా తెలుగు విద్యార్థులకు రెండవ కథ తెలియదు. ఉర్దూ విద్యార్థులకు మొదటిది పేరుకు మాత్రమే తెలుసు. ఒక్క రాజును మనం చెరిసగం పంచుకొని, ఎవరి సగాన్ని వారు పూర్తి రాజు అనుకుంటున్నామన్నమాట.

ఇందులో గైడు తప్పేమీ లేదు. వినేవారికి ఏది ప్రియమో అది చెప్పడం ఆయన వృత్తిధర్మంలో భాగం. విద్యార్థి ధర్మం వేరు. ఒక మాట వినగానే, దీనిని ఎవరు చూచారు, ఎప్పుడు వ్రాశారు, ఈ రాయి దీనికి సాక్ష్యం చెబుతుందా అని అడగడం అతని పని. ఆ ప్రశ్నలతో కోటలోకి ప్రవేశిద్దాం.

కోట చరిత్ర కుతుబ్ షాహీలతో మొదలు కాలేదు. కాకతీయుల కాలంలో ఇక్కడ ఉన్నది మట్టికోట. గొల్లకొండ అనే పేరే గోల్కొండ అయిందని వాడుక. ముసునూరి కాపయ నాయకుడు 1363లో దీనిని బహమనీ సుల్తానుకు అప్పగించవలసి వచ్చింది. హమదాను ప్రాంతం నుండి దక్కనుకు వచ్చి, బహమనీల కొలువులో పైకెదిగి, తిలంగాణా పాలకుడైన సుల్తాన్ కులీ 1518 నుండి ఇక్కడ స్వతంత్రంగా ఏలాడని చరిత్ర పుస్తకాలు లెక్కిస్తాయి. ఆ వంశం 1687 వరకు నిలిచింది. మట్టికోట రాతికోట అయినది వారి చేతిలోనే.

బాలాహిస్సారు దర్వాజా వద్ద అందరూ చప్పట్లు కొట్టే తొందరలో తల ఎత్తి చూడరు. ద్వారం పైభాగంలో పురి విప్పిన నెమళ్ళు, సింహాకృతులు ఉన్నాయి. ఇవి మన దేవాలయ శిల్పులు తరతరాలుగా చెక్కిన రూపాలు. సుల్తాను కోట గుమ్మం మీద స్థానిక శిల్పి చెయ్యి కనిపించడం ఏ గ్రంథమూ చెప్పనక్కరలేని సాక్ష్యం. చప్పట్ల సంగతి భౌతికశాస్త్ర విద్యార్థులకు వదలుతాము. ద్వారమండపపు గుమ్మటం ధ్వనిని చెదరనీయక కూడగట్టి పైకి పంపడం వల్ల కొండకొనన ఉన్న మండపం దాకా శబ్దం అందుతుంది. శబ్దం అందుతుందన్నది మనం పరీక్షించి చూడగల సత్యం. శత్రువు రాకను తెలుపడానికే దీనిని ఇట్లా కట్టారన్నది దాని మీద అల్లిన ఊహ. సమంజసమైన ఊహే కావచ్చు. ఈ రెంటికీ గల భేదం తెలుసుకుంటే ఉదయపు పాఠం సగం అయినట్లే.

మెట్లు ఎక్కుతూ గోడలలో పొదిగిన మట్టి గొట్టాలను చూడాలి. సుమారు 120 మీటర్ల ఎత్తున్న కొండ మీదికి నీరు ఎక్కించడం ఆషామాషీ పని కాదు. ఎద్దులు తిప్పే చక్రాలతో ఒక తొట్టి నుండి పై తొట్టికి, అక్కడి నుండి ఇంకా పైకి అంచెలంచెలుగా తోడేవారు. ముట్టడి కాలంలో కోటను నిలిపేవి ఫిరంగులకన్న ముందు నీళ్ళు, ధాన్యం. ధాన్యాగారమైన అంబర్ఖానా వద్ద అబ్దుల్లా కుతుబ్ షా కాలపు పారశీక శాసనం ఉంది. మా ఉర్దూ విద్యార్థులు లిపిని కూడబలుక్కుంటూ చదువుతుంటే తెలుగు విద్యార్థులు ప్రక్కన నిలబడి వ్రాసుకున్నారు. ఆనాటి యాత్రలో మాకు మిక్కిలి సంతోషం కలిగించిన ఘడియ అది.

ఆపైన రామదాసు బందీఖానా. కంచెర్ల గోపన్న భద్రాచల ఆలయానికి సర్కారు పైకాన్ని వినియోగించినందుకు ఇక్కడ 12 ఏళ్ళు చెరలో ఉన్నాడని సంప్రదాయం. తానాషా ఏలుబడి 1672 నుండి 1687 వరకు. పదిహేనేళ్ళలో పన్నెండేళ్ళు ఇమిడిపోతాయి గనుక కాలగణన ఈ కథకు అడ్డు చెప్పదు. ఆ గది మొదట సరుకులు దాచే కొట్టుగా కట్టినదని అంటారు. లోపలి గోడమీది మూర్తులు మాత్రం భక్తుల హృదయంలో ఈ చోటికి గల స్థానాన్ని చెబుతాయి. పై మెట్ల దగ్గర మహంకాళి గుడి ఉంది, మసీదు ఉంది; ఆషాఢమాసపు బోనాలు ఏటా ఈ కొండమీద మొదలై తరువాతనే నగరంలోకి సాగుతాయి.

కొండకొన నుండి చూస్తే ఉత్తరాన కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు కనబడతాయి. వంశంలో రాజ్యమేలిన వారందరూ అక్కడ ఉన్నారు, ఒక్క తానాషా తప్ప. ఎనిమిది మాసాల ముట్టడి తరువాత 1687లో లోపలివాడొకడు తలుపు తీయగా కోట ఔరంగజేబు వశమైంది. తానాషాను దౌలతాబాదుకు బందీగా తరలించారు. ఆయన మరల రాలేదు. చెర పెట్టిన కథ విన్న గంటలోనే చెరపాలైన కథ వినడం వల్ల మా వాళ్ళలో కొందరికి మాట పెగలలేదు. రెండు కథలూ ఒకే మనిషివని వారికి అప్పుడే పట్టుబడింది.

వజ్రాలను గురించి ఒక మాట. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. గనులు కృష్ణా తీరంలో, ముఖ్యంగా గుంటూరు సీమలోని కొల్లూరు వద్ద ఉండేవి. పదిహేడవ శతాబ్దంలో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి వర్తకుడు టవర్నియే ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. అంకె కొంత పెంచినదే అనుకున్నా అది చిన్న గని కాదు. గోల్కొండ వాటికి సంత, రాజముద్ర. కోహినూరు కూడ కొల్లూరుదేనని ఎక్కువమంది నమ్మకం. ఈ సంగతి గైడు తనంత తానుగా చెప్పలేదు. మేము అడిగిన తరువాత చెప్పాడు.

మధ్యాహ్న భోజనానంతరం నగరానికి బయలుదేరేటప్పుడు డ్రైవరు వెడల్పయిన కొత్త దారి పట్టబోతాడు. పట్టనీయకూడదు. కార్వాను మీదుగా పురానాపూల్ చేరే పాత దారినే అడగాలి. దూరం సుమారు పది కిలోమీటర్లు. రద్దీ వల్ల కాలం ఎక్కువ పడుతుంది. అయినా ఆ దారే అసలైన పాఠం. గోల్కొండ నుండి మచిలీపట్నపు రేవుకు పోయే రాజమార్గం అది. కార్వాను పేరులోనే వర్తక బిడారులు ఉన్నాయి. దారిలో 1671లో మూసాఖాన్ కట్టించిన తోలీ మసీదు సున్నపు పనిని చూడడానికి పావుగంట చాలదు గాని, పావుగంటయినా ఆగాలి.

పురానాపూల్ మీద నిలబడగానే గైడు భాగమతి కథ ఎత్తుకుంటాడు. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రియురాలు భాగమతికై పొంగుతున్న మూసీలో గుర్రాన్ని దుమికించాడనీ, అది విని తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడనీ కథ. వినడానికి ఎంతో సొంపుగా ఉంటుంది. ఇక్కడ విద్యార్థి చేయవలసినది కూడిక తీసివేత మాత్రమే. వంతెన కట్టినది 1578లో. మహమ్మద్ కులీ పుట్టినది 1565 ప్రాంతంలో. అనగా నది ఈదిన ప్రేమికునికి పదమూడేళ్ళు మించవు. మా బృందంలో ఒక అమ్మాయి ఈ లెక్క చెప్పగానే గైడు నవ్వి, "మేడమ్, ఈ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నాడు.

అంతమాత్రాన భాగమతి లేనే లేదని తీర్పు చెప్పడం తొందరపాటే. బిజాపూరు కొలువులో ఉండి అదే కాలంలో వ్రాసిన ఫిరిష్తా ఈ నగరానికి భాగమతి పేరున భాగ్‌నగర్ అనే పేరు పెట్టారని చెప్పాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను అంగీకరించలేదు. ఆనాటి నాణేల మీద కనిపించేది హైదరాబాదు పేరే. తోటల నగరం గనుక బాగ్‌నగర్ అయిందనేవారూ ఉన్నారు. ఈ వివాదం తెగలేదు. తెగని వివాదాన్ని తెగనిదిగానే విద్యార్థుల ముందు పెట్టడం మంచిదని మా అభిప్రాయం. కాని వంతెన మాత్రం ప్రేమ కోసం కట్టినది కాదు. కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకట ఏర్పడిన రోజుల్లో దక్షిణపు ఒడ్డుకు, రేవు దారికి వేసిన బాట అది. 1908 నాటి మూసీ వరదలో దెబ్బతిని కూడ నిలిచింది.

ఆ ఇబ్రహీమును గురించి వంతెన మీదనే కొంతసేపు ముచ్చటించాలి. అన్నగారి పాలనలో ప్రాణభయంతో విజయనగరానికి వెళ్ళి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్ళు గడిపాడు. అక్కడ తెలుగు కవిత్వపు రుచి మరిగాడు. 1550లో తిరిగివచ్చి సింహాసనమెక్కిన తరువాత తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి, పటాన్‌చెరువు అమీన్ ఖాన్, పొన్నగంటి తెలగనార్యుని యయాతి చరిత్రకు కృతిభర్త. అచ్చతెలుగులో వెలసిన తొలి కావ్యం అది. సంస్కృత పదం పొసగని తెలుగు కావ్యాన్ని కోరి పుచ్చుకున్నవాడు ఒక ముస్లిం అధికారి అన్న సంగతి మన తెలుగు శాఖలో ఎందరికి గుర్తుంది? అయితే ఇదే ఇబ్రహీం 1565లో తన ఆశ్రయదాత రామరాయలపై మిగిలిన సుల్తానులతో చేతులు కలిపాడు. ఈ రెండవ సంగతిని విడిచి మొదటిదే చెబితే మనమూ గైడులమే అవుతాము.

ఇక చార్మినారు. 1580లో గద్దెనెక్కిన మహమ్మద్ కులీ, మంత్రి మీర్ మోమిన్ అస్త్రాబాదీ తోడ్పాటుతో నిర్మించిన కొత్త నగరానికి నడిబొడ్డు ఇది, నిర్మాణం 1591. నాలుగు దారుల కూడలిలో కట్టడాన్ని నిలిపి, దాని చుట్టూ నగరాన్ని గీయడమనేది కొండచుట్టూ గోడ కట్టడానికి పూర్తిగా భిన్నమైన ఆలోచన. ఉదయం కోట చూచినవారికే ఈ తేడా తెలుస్తుంది. మెట్లెక్కి పై వరుసకు చేరితే మచిలీపట్నం దిక్కూ, గోల్కొండ దిక్కూ కళ్ళ ముందు ఉంటాయి. ఆ రాజు స్వయంగా దక్కనీ కవి. ఆయన పద్యాలలో తెలుగు మాటలు కనిపిస్తాయి. ఆయన తెలుగులోనూ రచించాడంటారు గాని ఆ రచనలు లభించలేదు. తరువాతి కుతుబ్ షాహీల ఫర్మానాలలో పారశీకంతో పాటు తెలుగు పాఠం కూడ ఉండడం మాత్రం ఊహ కాదు, కాగితాలు మిగిలాయి. ఉర్దూ, తెలుగు ఒకే పత్రికలో అచ్చు వేసుకునే మన కళాశాలకు ఇంతకన్న పాత మాతృక దొరకదు.

చార్మినారు నుండి గోల్కొండకు సొరంగం ఉన్నదా అని మావాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. ఉన్నదని గైడులందరూ చెబుతారు. చూచినవాడెవరని అడిగితే తన తాత చూచాడన్నాడు మా గైడు. నవ్వుకున్నాము.

ప్రొద్దు వాలే వేళకు ప్రక్కనే ఉన్న మక్కా మసీదు ప్రాంగణానికి వెళ్ళాలి. శుక్రవారమైతే జనసమ్మర్దం ఎక్కువ గనుక యాత్రకు వేరొక రోజు ఎన్నుకోవడం మంచిది. దీనికి శంకుస్థాపన చేసినవారు ఉదయం మనం చూచిన గుమ్మటాల క్రింద ఉన్న రాజులు. పూర్తి చేసినది 1694లో, వారి కోటను గెలిచిన ఔరంగజేబు కాలంలో. అప్పటికి దౌలతాబాదు చెరలో తానాషా ఇంకా బ్రతికే ఉన్నాడు.