నేలను బట్టి రంగు మార్చే హైడ్రాంజియా

టౌరంగాలో జూలై వచ్చేసరికి కొన్ని ఇళ్ల ముందు ఎండుపుల్లల కట్టల వంటి పొదలు కనిపిస్తాయి. వాటిపై ఒక్క ఆకైనా ఉండదు. చచ్చిపోయాయనుకొని వాటిని పెరికివేయరాదు. అవి హైడ్రాంజియాలు. శిశిరంలో ఆకులు రాల్చి, వసంతంలో చిగురించడం వాటి స్వభావం. తెలుగునాట శిశిరం మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. దక్షిణార్ధగోళంలో నివసించే మనకు ఆషాఢ శ్రావణాలే చలికాలం. అందుచేత అక్కడ గొబ్బెమ్మలపై గుమ్మడిపూలు నిలిపే సంక్రాంతి నాళ్లలో ఇక్కడ హైడ్రాంజియా గుత్తులు విరగబూస్తాయి.

ఈ మొక్క స్వస్థలం జపాను. గుత్తిలో మనం రేకులని భ్రమించేవి నిజానికి రక్షక పత్రాలు. అసలు పువ్వు వాటి నడుమ చిన్న పూసవలె ఉంటుంది.

దీని రంగు ముచ్చట మరీ వింతైనది. నేలలో ఆమ్లగుణం ఉంటే అందులోని అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది. అప్పుడు పూలు నీలంగా పూస్తాయి. క్షారగుణం ఉంటే అది కరగదు. పూలు గులాబీరంగు దాలుస్తాయి. టౌరంగా పరిసరాల నేల చాలావరకు అగ్నిపర్వతాల బూడిద నుండి ఏర్పడినది. అందులో అల్యూమినియానికి కొదవ లేదు, ఆమ్లగుణమూ ఉంది. ఆ మన్నులో సున్నం కలిపితే నీలిపూల మొక్క క్రమంగా గులాబీరంగుకు మారుతుంది. సిమెంటు గోడను ఆనుకొని పెరిగే కొమ్మలు ఒక్కోసారి ఎవరి ప్రమేయమూ లేకుండానే రంగు మారడానికి కారణం ఇదే. తెల్లపూల రకాలపై మాత్రం ఈ ఉపాయం పారదు.

స్థలం తక్కువైతే మీటరు ఎత్తుకు మించని పొట్టిరకం ఎంచుకోవాలి. కుండీలోనైనా పెరుగుతుంది. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ దానికి హితం. వేసవిలో నీరు తప్పితే ఆకులు వెంటనే వేలాడిపోతాయి. కుండీమట్టి సంచిని పెద్దల చేతనే విప్పించండి. ఆ మట్టిలో ఉండగల లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. కనుక ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, ధూళి లేవకుండా మట్టిని తడిపి వాడాలి. ఆకులనూ పూలనూ నోట పెట్టరాదు, అవి విషపూరితాలు.

కత్తిరింపులోనే చాలామంది తొందరపడతారు. రాబోయే వేసవి పూమొగ్గలు నిరుటి కొమ్మల పైభాగానే దాగి ఉంటాయి. పొదను నేలమట్టంగా నరికితే ఆ ఏడు ఆకులే తప్ప పూలు రావు. చలికాలం చివర వాడిన గుత్తిని మాత్రం, దాని కింద ఉబ్బిన మొదటి మొగ్గల జతకు కాస్త పైన తుంచాలి. పూయని కొమ్మల జోలికి పోరాదు. బాగా ముదిరిన కొమ్మలు ఒకటి రెండింటిని మొదలంటా తీసివేయవచ్చు. తీసిన కొమ్మలలో గట్టి, ఆరోగ్యమైన ముక్కలను జానెడేసి కోసి, తడిమన్నులో సగం వరకు గుచ్చితే వసంతానికి వాటిలో కొన్నైనా వేళ్లు పట్టి చిగురిస్తాయి.