బైపోలార్ డిజార్డర్: రకాన్ని తేల్చేది ఏది?

నర్సింగ్, సైకాలజీ పరీక్షలు రాసేవారు ముందుగా పట్టుకోవాల్సింది ఒక్కటే. బైపోలార్ రకాలను విడదీసేటప్పుడు కుంగుబాటు ఎంత లోతుగా ఉందన్నది రెండో మాట. ఉద్రేకం ఎంత ఎత్తుకు వెళ్లింది, ఎన్ని రోజులు నిలిచింది అన్నదే మొదటి మాట.

పేరు, వర్గీకరణ

1899లో జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ దీన్ని స్కిజోఫ్రీనియా కోవ జబ్బుల నుంచి వేరుచేసి, మేనిక్ డిప్రెసివ్ జబ్బుగా వర్ణించాడు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎంలో బైపోలార్ అన్న పేరు 1980లో చేరింది. కింది కొలతలు 2013 నాటి డీఎస్ఎం-5వి.

బైపోలార్-1

కనీసం వారం పాటు మేనియా ఉండాలి. ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే వారం నిండకపోయినా లెక్కే. రెండు మూడు గంటల నిద్రతోనే అలసట తెలియదు. మాట ఆగదు. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. కొందరిలో భ్రమలూ కనిపిస్తాయి. పొరబడే చోటు ఇదే: ఈ రకాన్ని నిర్ధారించడానికి డిప్రెషన్ తప్పనిసరి కాదు.

బైపోలార్-2

కనీసం నాలుగు రోజుల హైపోమేనియా, కనీసం రెండు వారాల తీవ్రమైన డిప్రెషన్, రెండూ ఉండాలి. హైపోమేనియాలో మార్పు చుట్టుపక్కలవారికి తెలుస్తుంది కానీ ఉద్యోగం, సంసారం తలకిందులు కావు, భ్రమలు ఉండవు. జీవితంలో ఒక్కసారి మేనియా వచ్చినా అది మొదటి రకమే.

దీన్ని ‘తేలికపాటి బైపోలార్’ అని రాస్తే తప్పు. ఈ రోగుల కాలం ఎక్కువగా కుంగుబాటులోనే గడుస్తుంది, ఆత్మహత్య ముప్పూ తక్కువేమీ కాదు. పైగా డాక్టర్ దగ్గరికి వచ్చేది కుంగినప్పుడే. హుషారుగా తిరిగిన రోజులను ఇంట్లోవాళ్లు ‘అప్పుడు బాగానే ఉన్నాడు’ అనేస్తారు. ఆ సంగతి అడగకుండా డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా రేగుతుంది.

సైక్లోథైమియా

పెద్దల్లో రెండేళ్లు, పిల్లల్లో ఏడాది పాటు చిన్న చిన్న ఎగుడుదిగుడులు. ఏవీ పూర్తి స్థాయికి చేరవు, వరసగా రెండు నెలలకు మించి విరామమూ ఉండదు.

ర్యాపిడ్ సైక్లింగ్

ఇది విడి రకం కాదు. ఏడాదిలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఎపిసోడ్లు వస్తే ఒకటి, రెండు రకాలకు చేర్చే విశేషణం.

చికిత్స, చట్టం

మేనియాకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. రక్తంలో దాని మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలూ తప్పవు. మన ఎండల్లో చెమటకో, విరేచనాలకో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం విషతుల్యమయ్యే స్థాయికి చేరవచ్చు. ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్‌ను గర్భిణులకు వాడకూడదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 అమల్లోకి వచ్చింది 2018 మే 29న. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడవచ్చు.