గుంటూరు గ్రహణం, హీలియం పుట్టుక

పోటీ పరీక్షల్లో హీలియం మీద ప్రశ్న తరచూ వస్తుంది. దాని కథలో మన గుంటూరు ఉందన్న సంగతి మాత్రం చాలామంది అభ్యర్థులకు తెలియదు, తెలిసి తీరాలి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియరీ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను పరిశీలించారు. ఆ కాంతిలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులన్నమాట. గ్రహణం లేకున్నా ఆ గీతలను చూడవచ్చని జాన్సెన్ మర్నాడే నిరూపించాడు. అక్టోబరులో ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ కూడా స్వతంత్రంగా అదే సాధించాడు. అతడు గుర్తించిన పసుపు గీత తరంగదైర్ఘ్యం సుమారు 587.6 నానోమీటర్లు. సోడియం జంట గీతలు 589.0, 589.6 దగ్గర ఉంటాయి కనుక ఇది సోడియం కాదు, ఏదో కొత్త మూలకం. సూర్యుడికి గ్రీకులో ఉన్న 'హీలియోస్' పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద దాన్ని విలియం రామ్సే 1895లో యురేనియం ఖనిజంలో కనుగొన్నాడు.

సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియమే. మన వాతావరణంలో మాత్రం పది లక్షల భాగాలకు సుమారు 5 భాగాలే. పరమాణువు తేలిక, పైగా దేనితోనూ కలవదు. అందుకే వాతావరణపు పై పొర అయిన ఎక్సోస్ఫియర్ నుంచి మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది. భూగర్భంలో యురేనియం, థోరియం వెలువరించే ఆల్ఫా కణాలే ఎలక్ట్రాన్లను గ్రహించి కొత్త హీలియంగా మారతాయి. హీలియం మరిగే ఉష్ణోగ్రత మైనస్ 269 డిగ్రీల సెల్సియస్.