బయాలజీ టీచరు ఫిజిక్స్ చెప్పాల్సి వస్తే

ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టీచర్లవే. తాము చదవని సబ్జెక్టును తరగతిలో చెప్పాల్సి రావడం గురించే చాలామంది రాశారు. అందుకే ఈసారి చోటంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను బీజెడ్‌సీ చదివి, బీఈడీలో బయాలజీ మెథడాలజీ చేశాను. పదేళ్లుగా స్కూల్ అసిస్టెంట్ బయోసైన్స్‌గా పనిచేస్తున్నాను. మా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ సార్ బదిలీ అయి వెళ్లారు, ఆ పోస్టు ఖాళీగానే ఉంది. వచ్చే జూన్ నుంచి పదో తరగతి పీఎస్ కూడా మీరే చూసుకోండమ్మా అన్నారు హెచ్‌ఎం గారు. ఇంటర్ బైపీసీలో చదివిందే నాకు చివరి ఫిజిక్స్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, ఏలూరు జిల్లా

జవాబు: మేడమ్, ముందు మీ దగ్గర ఏముందో చూసుకోండి. డిగ్రీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివారు కాబట్టి పీఎస్‌లో సగం మీ సొంత సబ్జెక్టే. మిగతా సగం ఫిజిక్స్. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో దాని పాఠాలు నాలుగే: కాంతి పరావర్తనం–వక్రీభవనం, మానవుని కన్ను, విద్యుత్తు, విద్యుత్ ప్రవాహపు అయస్కాంత ఫలితాలు. వీటిలో కన్ను గురించి ఫిజిక్స్ చదివినవారికంటే మీకే ఎక్కువ తెలుసు. కంటి కటకాన్ని సిలియరీ కండరాలు ఎలా మారుస్తాయో తెలిసినవారు హ్రస్వదృష్టి గురించి చెబితే ఆ పాఠానికి ప్రాణం వస్తుంది. మీ సొంత చదువును కన్నుతోనే మొదలుపెట్టి, అక్కడి నుంచి కటకాల్లోకి వెళ్లండి.

జాగ్రత్త పడాల్సింది విద్యుత్తు దగ్గర. ఆ పాఠంలో లెక్కలు సులువు, భావన కష్టం. బల్బు వెలిగితే కరెంటు కొంత ఖర్చయిపోతుందని, బల్బు దాటాక వైరులో తక్కువ కరెంటు వెళుతుందని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. నెలనెలా కరెంటు బిల్లు చూసే ఇంట్లో పెరిగిన పిల్లలకు అలా అనిపించడం సహజం. పెద్దవాళ్లలోనూ ఈ నమ్మకం ఉంటుంది. అది మీలో ఉందో లేదో పుస్తకం చదివితే తేలదు, చేసి చూడాలి. రెండు టార్చి బల్బులు, రెండు సెల్స్, ఒక అమ్మీటరు, కొంచెం వైరు తీసుకుని బల్బులను శ్రేణిలో కలపండి. అమ్మీటరును మొదటి బల్బుకు ముందు, రెండు బల్బుల మధ్య, రెండో బల్బు తర్వాత పెడితే ఎంతెంత చూపిస్తుందో ముందే కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే పెట్టి చూడండి. మూడు చోట్లా ఒకే రీడింగు వస్తుంది. తరిగేది సెల్‌లోని శక్తి, ప్రవాహం కాదు. సైకిలు తొక్కేటప్పుడు మన బలం చైను ద్వారా వెనక చక్రానికి చేరుతుంది, చైను మాత్రం దారిలో ఎక్కడా తరగకుండా మొత్తం ఒకే వేగంతో తిరుగుతుంది. ఈ పోలిక పిల్లలకు త్వరగా అందుతుంది. అయితే రీడింగు వాళ్ల కళ్లతో వాళ్లు చూశాకే చెప్పండి.

కటకాల లెక్కల్లో ధన, రుణ గుర్తులు చూసి బెదరకండి. తరగతి గదిలో కిటికీకి ఎదురు గోడ మీద కుంభాకార కటకంతో బయటి చెట్టు ప్రతిబింబం పడేలా చేయండి. చెట్టు దూరంగా ఉంటే, కటకానికీ గోడకూ మధ్య దూరమే దాదాపుగా నాభ్యంతరం. స్కేలుతో పిల్లల చేతే కొలిపించండి. తలకిందులుగా పడిన చెట్టును చూసిన పిల్లవాడికి ఆవర్ధనంలో రుణ గుర్తు ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

వేసవి సెలవుల్లో పదో తరగతి పుస్తకం పట్టుకునే ముందు ఎనిమిది, తొమ్మిది పుస్తకాలు పూర్తి చేయండి. బలం, పని, శక్తి లాంటి పునాదులు అక్కడే ఉన్నాయి. ప్రతి పాఠం చివరి లెక్కలన్నీ ప్రమాణాలతో సహా స్వయంగా చేయండి. ఒక్కటీ వదలొద్దు. ప్రభుత్వం ఇస్తున్న ద్విభాషా పుస్తకాలు మీకూ పనికొస్తాయి, ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉంటాయి కాబట్టి మాట దగ్గర తట్టుకోవడం తగ్గుతుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లలో సర్క్యూట్లను ఫోన్ మీదే కలిపి చూడొచ్చు, ఉచితం. ఐఐటీ కాన్పూర్‌లో పనిచేసిన హెచ్.సి.వర్మ గారు టీచర్ల కోసం చేసి చూపించిన చవక ప్రయోగాల వీడియోలు కూడా చూడండి. అయితే వీడియో చూసినంత మాత్రాన ప్రయోగం చేసినట్టు కాదు.

తరగతిలో తెలియని ప్రశ్న వస్తే ‘రేపు చూసి చెబుతాను’ అనండి. మర్నాడు మరిచిపోకుండా చెప్పండి. పిల్లలకు మీ మీద గురి పెరుగుతుందే తప్ప తగ్గదు.

ప్రశ్న: నేను ఎంపీసీ చదివిన లెక్కల మాస్టారిని. మూడేళ్లుగా ఫిజికల్ సైన్స్ కూడా చెబుతున్నాను. ఫిజిక్స్ లెక్కలు నాకు మంచినీళ్ల ప్రాయం, పిల్లలూ బాగానే చేస్తున్నారు. కానీ ‘ఎందుకు’ అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. నా పద్ధతిలో లోపం ఉందా?
– ఒక గణిత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఉంది మాస్టారూ. లెక్కల వైపు నుంచి ఫిజిక్స్‌లోకి వచ్చినవారిలో తరచూ కనిపించేదే. సూత్రం, ప్రతిక్షేపణ, సమాధానం అన్న దారి మీకు బాగా అలవాటు. పిల్లలూ ఆ దారే పట్టారు. వస్తువు ఎందుకు కదిలిందన్న ప్రశ్న మధ్యలో ఎక్కడా రాలేదు.

అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో బలం గురించి ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. అందులో లెక్క ఒక్కటీ ఉండదు, అన్నీ మాటల్లో ఉన్న బహుళైచ్ఛిక ప్రశ్నలే. పెద్ద పెద్ద లెక్కలు చేయగల కాలేజీ విద్యార్థులు వాటి దగ్గర తడబడ్డారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ ఇలాంటి ప్రశ్నలు తన విద్యార్థులకిచ్చి చూసి, తన బోధన పద్ధతినే మార్చుకున్నారు. ప్రశ్న ఇచ్చి, ఎవరి జవాబు వాళ్లు ఎంచుకున్నాక పక్కవాళ్లతో వాదించుకోమనే ఆయన పద్ధతిని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

రేపు తరగతిలో ఒక్కటి అడగండి. బంతిని నిలువుగా పైకి విసిరాం. చిట్టచివరి ఎత్తులో అది ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో దాని మీద ఏ బలం ఉంది? ‘ఏమీ లేదు’ అని కొందరు, ‘పైకీ కిందికీ సమానంగా ఉంది’ అని కొందరు అంటారు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే బంతి పైకి వెళ్లేటప్పుడు, ఆగినప్పుడు, కిందికి వచ్చేటప్పుడు దాని మీద ఉండేది భూమ్యాకర్షణ బలం ఒక్కటే. మీరు జవాబు వెంటనే చెప్పకండి, పది నిమిషాలు వాదించుకోనివ్వండి. వారానికి రెండు పీరియడ్లలో లెక్కకు ముందు ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టండి. సిలబస్ వెనకబడుతుందన్న భయం వద్దు, భావన పట్టుబడిన పిల్లలకు లెక్కలు చెప్పడానికి తక్కువ సమయం చాలు.

ప్రశ్న: డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ చదివాను. ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు కెమిస్ట్రీ కూడా ఇచ్చారు. ఆసిడ్ సీసా ముట్టుకోవాలంటేనే చేతులు వణుకుతున్నాయి. ప్రయోగాలు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేస్తే సరిపోదా?
– ఒక ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: సరిపోదమ్మా. మీ భయం మంచిదే, దాన్ని జాగ్రత్తగా మార్చుకోండి. ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి, ఆమ్లంలో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా పుట్టే వేడికి ఆమ్లం పైకి చిమ్ముతుంది. ఏ ద్రవాన్నీ నోటితో పీల్చి పిపెట్‌లోకి తీయొద్దు. వాయువును ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలి విసురుకుని వాసన చూడాలి. కళ్లద్దాలు, పక్కనే ఒక బకెట్ నీళ్లు ఉండాలి. సోడియం ముక్కల జోలికి మొదటి ఏడాది వెళ్లొద్దు. గాఢ ఆమ్లంతో చేసే పనులు కెమిస్ట్రీ చదివిన సహోద్యోగి పక్కన ఉండగా రెండు మూడుసార్లు చేశాకే పిల్లల ముందు చేయండి.

అంతవరకు వంటింటి కెమిస్ట్రీ చాలు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రబడటం ప్రతి ఇంట్లో చూసిందే. పసుపు క్షారానికి సూచిక అని అక్కడే చెప్పొచ్చు. సబ్బు నీళ్లు, నిమ్మరసం, బూడిద కలిపి వడగట్టిన నీళ్లు, వంటసోడా ఒక్కోటీ పసుపు కాగితం మీద వేయించి పట్టిక రాయించండి. తర్వాత సున్నపు తేట. గొట్టంతో ఊదితే అది పాలలా మారుతుందని పుస్తకంలో ఉంటుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. పిల్లలను అలాగే ఊదుతూ ఉండమనండి, తెల్లదనం పోయి మళ్లీ తేటపడుతుంది. కరగని కాల్షియం కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్‌గా మారింది. దాన్ని వేడిచేస్తే మళ్లీ తెల్లబడుతుంది. కెటిల్ లోపల తెల్లటి పెచ్చు కట్టడం కూడా ఈ చర్య వల్లేనని అప్పుడు చెప్పండి. ఊదేటప్పుడు పీల్చొద్దని మాత్రం ముందే గట్టిగా హెచ్చరించండి.

గ్లాస్గోలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ చెప్పిన ఒక మాట మీకు బాగా ఉపయోగపడుతుంది. కెమిస్ట్రీ మూడు స్థాయిల్లో నడుస్తుంది: కంటికి కనిపించేది, కనిపించని అణువుల్లో జరిగేది, కాగితం మీద రాసే సంకేతాలు. సబ్జెక్టుకు కొత్తవాళ్లు నేరుగా మూడోదానికి దూకి సమీకరణాలు తుల్యం చేయిస్తారు. మీరు మొదటిదాని నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. వాళ్ల బడిలో బోటనీ చదివిన టీచరు ఫిజిక్స్ చెబుతున్నారు. మార్కులు పోతాయేమోనని మా భయం. ట్యూషన్ పెట్టమంటారా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: ఆ టీచరు ఏం చదివారన్నది పక్కన పెట్టి, ఈ నెలలో పిల్లలు ప్రయోగం ఏదైనా చేశారా, అడిగిన సందేహానికి జవాబు వస్తోందా అని మీ అమ్మాయిని అడగండి. రెండింటికీ అవునంటే ట్యూషన్ అక్కర్లేదు. పోస్టు ఏడాది పొడవునా ఖాళీగా ఉంటే పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం పెట్టించి పై అధికారులకు పంపండి, అది తల్లిదండ్రులుగా మీ హక్కు. టీచరు మీద మాత్రం ఫిర్యాదు చేయకండి. పోస్టు ఖాళీ పెట్టింది ఆమె కాదు.

ప్రశ్న: నేను హైస్కూల్ హెడ్‌మాస్టరును, స్కూల్ కాంప్లెక్స్ బాధ్యత కూడా చూస్తున్నాను. ఇలా సబ్జెక్టు మారిన టీచర్లకు ఐదు రోజుల శిక్షణ ఇస్తే చాలంటారా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చాలదండి. ఐదు రోజులు హాల్లో కూర్చుని స్లైడ్లు చూసి వచ్చిన టీచరు ఆరో రోజు పాత భయంతోనే తరగతిలోకి వెళతారు. ఐర్లాండ్‌లో లెక్కలు చదవని టీచర్లు లెక్కలు చెప్పాల్సి వస్తోందని గుర్తించి, 2012లో లిమరిక్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో రెండేళ్ల డిప్లొమా మొదలుపెట్టారు. టీచర్లు ఉద్యోగం చేస్తూనే చదివారు, ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఒక సబ్జెక్టు నుంచి మరొకదానికి మారడానికి ఎంత కాలం కావాలో ఆ దేశం నిజాయితీగా ఒప్పుకుంది.

మన దేశంలోనే అంతకంటే పాత అనుభవం ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు కలిసి 16 మాధ్యమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా సైన్స్ బోధన మొదలుపెట్టాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పల్లెటూరి టీచర్లతో కలిసి నేల మీద కూర్చుని ప్రయోగాలు చేశారు. వేసవిలో వారాల తరబడి శిక్షణ, ఏడాది పొడవునా నెలవారీ సమావేశాలు, పుస్తకం చూసి రాసే పరీక్షలు ఉండేవి. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్లింది. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అది పెద్ద నష్టమన్నది నా అభిప్రాయం. అయినా దాని నుంచి తీసుకోవాల్సిన విషయం స్పష్టం: సెలవుల్లో ఇచ్చిన శిక్షణను ఏడాదంతా నిలబెట్టింది ఆ నెలవారీ సమావేశాలే.

మీ చేతిలో స్కూల్ కాంప్లెక్స్ సమావేశం ఉంది. ఫార్మాట్లు నింపే పని ముందే ఫోన్‌లో ముగించి, ఆ పూట ఒకే ఒక భావనకు ఇవ్వండి. ఒక నెల ఓం నియమం, మరో నెల మోల్ భావన. సామాన్లు తెప్పించి ప్రతి టీచరు చేతా చేయించండి. కాంప్లెక్స్‌లో ఫిజిక్స్ బాగా వచ్చిన ఒక టీచరును సబ్జెక్టు మారిన ఇద్దరు ముగ్గురికి జత చేసి, వారానికి ఒక్క పీరియడైనా ఒకరి తరగతిలో ఒకరు కూర్చునేలా టైంటేబుల్ సర్దండి. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ సేవలందించే ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థ మైసూరులో ఉంది. ఇలాంటి టీచర్ల కోసం ప్రత్యేక కోర్సు కావాలని జిల్లా విద్యాశాఖాధికారి ద్వారా అడగండి. కొత్త సబ్జెక్టు చెబుతున్న టీచరుకు మొదటి ఏడాది ఇతర డ్యూటీలు తగ్గించండి, చదువుకోవడానికి వాళ్లకు సమయం కావాలి. ఇవన్నీ కుదరకపోయినా సరే, వచ్చే సమావేశం రోజున ల్యాబ్ బీరువా తాళం తీసి ఆ అమ్మీటర్లు బయట పెట్టించండి.