డిగ్రీ రెండో ఏడాదే పరిశోధనకు తొలిమెట్టు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు డైవర్షన్ కాల్వకు జి.కొండూరు మండలంలో గండ్లు పడితే విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిరప రైతును నిలువునా ముంచింది. ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా మనుషుల్ని తింటోంది. బోరు నీళ్ల మీద అనుమానం మొదటి నుంచీ ఉంది. కృష్ణా మెట్టలో సైన్సు తేల్చాల్సిన ప్రశ్నలకు కొదవ లేదు. శాంపిళ్లు తీసుకెళ్లడానికి బయటి నుంచి బృందాలు వస్తూనే ఉంటాయి. ఆ బృందాల్లో నందిగామ, జగ్గయ్యపేట, జి.కొండూరు పిల్లలు ఎందరుంటారు? తండా పిల్లలు ఎందరు?

తక్కువమందే ఉంటే, అది తెలివి తక్కువై కాదు. చెప్పేవాళ్లు లేక. ఇంజనీరింగ్ సీటు రానివాళ్లు, ఫీజు కట్టలేనివాళ్లు చేరే చదువుగా బీఎస్సీని మనమే తక్కువ చేశాం. డిగ్రీ అయ్యాక బ్యాంకు కోచింగో, డీఎస్సీనో, గ్రూప్సో. అవి మంచి ఉద్యోగాలే. కానీ పరిశోధన కూడా ఒక ఉద్యోగమని, దానికి నెలనెలా డబ్బులొస్తాయని ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లకు ఎవరూ చెప్పరు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లివి. ఇంటి అద్దె భత్యం వేరు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్పులున్నాయి. జేఆర్‌ఎఫ్ వయోపరిమితిలో వీళ్లకూ, ఆడపిల్లలకూ అయిదేళ్ల సడలింపు ఉంది. “ఇంకెన్నాళ్లు చదువుతావే?” అని అడిగే అమ్మానాన్నల ముందు ఈ అంకెలు పెట్టండి. వాళ్ల భయం చదువంటే కాదు, ఖర్చంటే.

అయితే జేఆర్‌ఎఫ్ నాటికి మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అసలు పని రెండో ఏడాదిలోనే ఉంది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర ల్యాబులో పని. రైలు చార్జీలు, స్టైపెండు వాళ్లే ఇస్తారు. ప్రకటన సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. సంక్రాంతి అయ్యాక వేసవి గురించి ఆలోచించేవాళ్లకు అప్పటికే తలుపు మూసుకుపోతుంది. దరఖాస్తుకు మీరు సొంతంగా రాసిన చిన్న వ్యాసం, మీ లెక్చరర్ సిఫారసు లేఖ కావాలి.

మూడో ఏడాది ఫిబ్రవరిలో ఐఐటీలు నిర్వహించే జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ స్కోరుతో ఐఐటీల్లో ఎమ్మెస్సీకే కాదు, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా పోటీ పడొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ-పీజీ దారి. జామ్‌కు దరఖాస్తు శరదృతువులోనే ముగుస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడపిల్లలకు ఫీజులో రాయితీ ఉంది.

ఇక పరీక్షల కన్నా ముఖ్యమని నేను నమ్మే విషయం. మన డిగ్రీ ల్యాబుల్లో టైట్రేషన్ చేస్తే బ్యూరెట్ రీడింగు 9.7 వస్తుంది, మళ్లీ చేస్తే 10.4. సీనియర్ రికార్డులో 9.9 అని ఉంది కాబట్టి మనమూ 9.9 అని రాసి సంతకం పెట్టించుకుంటాం. పరిశోధనకు పనికిరాకుండా పోయేది సరిగ్గా అక్కడే. 9.7కూ 10.4కూ తేడా ఎందుకొచ్చింది? బ్యూరెట్‌లో గాలి బుడగ ఉందా, రంగు మారిన క్షణం దాటిపోయిందా, ద్రావణం నిన్నటిదా? రికార్డు రికార్డే, దాన్ని కాలేజీకి ఇవ్వండి. మీకంటూ వేరే నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ వేసి, వచ్చిన రీడింగు వచ్చినట్టే రాయండి. తప్పు రాస్తే కొట్టేయండి గానీ చెరిపేయకండి. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా “నువ్వేం చేశావు?” అని అడిగితే ఆ నోటుబుక్కు తీసి చూపించొచ్చు.

రెండోది, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు 2020-21 నుంచి తప్పనిసరి చేసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. చాలామంది దాన్ని ఎవరిదో చూసి రాసేసి చేతులు దులుపుకుంటారు. బుడమేరు పక్కన వెలగలేరులోనో కవులూరులోనో ఉన్న అమ్మాయి ఆ సెలవుల్లో నలభై ఇళ్లకు వెళ్లి, వరద నీళ్లు ఏ గీత దాకా వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి, బోరు నీళ్ల రుచి మారిందా అని అందరినీ ఒకే తీరుగా అడిగిందనుకోండి. జవాబు చెప్పని ఇళ్లను కూడా లెక్కలో పెట్టిందనుకోండి. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరుతో ప్రతి బోరూ కొలిచిందనుకోండి. అది అచ్చమైన పరిశోధనే. ఆ గడప లోపలికి అడుగుపెట్టి, ఆ ఇంటి భాషలో మాట్లాడగల చనువు బయటి శాస్త్రవేత్తకు ఉండదు. లంబాడీ మాట్లాడే పిల్లవాడు ఎ.కొండూరు తండాల్లో రాబట్టగలిగిన సమాచారం ఇంకెవరికి దొరుకుతుంది?

ఇంగ్లిషు భయం నిజమైనదే, కొట్టిపారేయను. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ల్యాబులో అవకాశం కోసం ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాయాలంటే వణుకుతారు. ఇంటర్నెట్‌లో దొరికిన పొడుగాటి పొగడ్తను యాభైమందికి ఒకేసారి పంపకండి. వాళ్లు తెరవను కూడా తెరవరు. అయిదు వాక్యాలు చాలు: ఎవరు మీరు, ఆయన రాసిన ఏ పేపరు చదివారు, అందులో మీకు తట్టిన ప్రశ్న ఏమిటి, చేతికి ఏ పని వచ్చు, ఏ తేదీల్లో రాగలరు. మీ ఇంగ్లిషు లెక్చరర్‌తో ఒకసారి దిద్దించుకోండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తు చేయండి.

ల్యాబులు మరీ అంత దూరంలోనూ లేవు. జగ్గయ్యపేట మీదుగా పోయే హైదరాబాద్ బస్సెక్కితే తార్నాక, హబ్సిగూడ దగ్గర సీఎస్‌ఐఆర్ ల్యాబులైన ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పక్కపక్కనే ఉంటాయి. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ సందర్భంగా దాని ల్యాబులు జనానికి తలుపులు తీస్తాయి. నలుగురు స్నేహితులు కలిసి వెళ్లిరండి.

నలుగురూ కలిసి అన్నది ఊరికే అనలేదు. అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్‌లో 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం పెట్టారు. సైన్సులో నల్లజాతి విద్యార్థులు ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నే దానికి మూలం. డబ్బిచ్చి ఊరుకోలేదు. బ్యాచ్‌గా కలిపి చదివించారు, తొలి ఏళ్లలోనే ల్యాబులకు పంపారు. మోడర్నా కోవిడ్ టీకా వెనుక పనిచేసిన కిజ్‌మెకియా కార్బెట్ అక్కడి నుంచి వచ్చినామే. మన మెట్టలో అలాంటి కార్యక్రమం లేదు. కానీ ఒక కాలేజీలో ఆరుగురు పిల్లలు, ఒక లెక్చరర్, వారానికి ఒక సాయంత్రం జామ్ పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చోవడానికి ఏ జీవో అక్కర్లేదు.

లెక్చరర్లకు ఒక మనవి. సిఫారసు లేఖ అడగడానికి మన పిల్లలు మీ గది బయట గంటసేపు నిలబడి, అడగకుండానే వెళ్లిపోతారు. ఈసారి వేసవి ఫెలోషిప్ ప్రకటన రాగానే నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకండి. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని మంచి ప్రశ్నలడిగే అమ్మాయిని మీరే పిలిచి, “దరఖాస్తు పెట్టమ్మా, లేఖ నేను రాస్తాను” అనండి.