హేతువు – పరీక్ష

నిరూపింపదలచిన విషయం సాధ్యం. దానిని నిలబెట్టే కారణం హేతువు. హేతువున్న ప్రతిచోటా సాధ్యం ఉండితీరాలన్న నియమాన్ని తార్కికులు 'వ్యాప్తి' అన్నారు. పొగ ఉన్నచోట నిప్పు ఉండటం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణం.

పరీక్షల కొరకు మీరు కంఠస్థం చేసే కవికాలాల వెనుక ఇటువంటి వాదాలెన్నో ఉన్నాయి. నన్నయ ఆదికవి అన్న విశ్వాసం స్థిరపడి ఉండగా, 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని 'కుమారసంభవము'ను ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. పూర్వకవిస్తుతిలో నన్నెచోడుడు నన్నయను పేర్కొనకపోవడం ఈ పక్షంవారు చూపిన హేతువులలో ఒకటి. వినగానే ఇది సబబనిపిస్తుంది. కాని నన్నయ తరువాతి కవులందరూ ఆయనను తప్పక స్తుతించి ఉంటేనే ఈ హేతువు నిలుస్తుంది. శైవకవి అయిన నన్నెచోడుని మౌనానికి అభిరుచిభేదమో, మతభేదమో కారణం కావచ్చును కదా! సాధ్యం లేనిచోట కూడా ఉండగల ఇటువంటి హేతువు 'సవ్యభిచారం'.

అయితే హేతువు చెడినంత మాత్రాన ప్రతిజ్ఞ అసత్యమని తేలదు. నన్నెచోడుడు నన్నయకు తరువాతివాడనేవారు కూడ వేరొక హేతువు చూపవలసినదే. వారు ఆ కావ్యంలోని పద్యాన్నే చూపారు. తెలుగున దేశికవితను నిలిపినవారిలో ఒక చాళుక్యరాజును నన్నెచోడుడు మొదట పేర్కొన్నాడు. అతడు 11వ శతాబ్దికి చెందిన రాజరాజనరేంద్రుడైతే, నన్నయ భారతరచన అప్పటికే ఆరంభమైనట్లు. అంతకు ముందరి చాళుక్యుడైతే ఆ పద్యం వారికి అక్కరకు రాదు. సాక్ష్యం ఒక్కటే, అన్వయాలు రెండు. పలువురు విమర్శకులు మొదటి అన్వయాన్ని తక్కిన ఆధారాలతో కలిపి చూచి, నన్నెచోడుని 12వ శతాబ్దివానిగా భావించారు.