వార్తాసంస్థలో ఉద్యోగం: చేరడమా, మానడమా?

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మనందరినీ వేధించే ప్రశ్న ఒక్కటే: తరువాత ఏమిటి? నాకు ఆ ప్రశ్న ఈ ఏడాది ఒక ఉత్తరం రూపంలో వచ్చింది. దేశమంతటా పేరున్న ఒక పెద్ద వార్తాసంస్థ రాతపరీక్షలో నెగ్గిన నన్ను హైదరాబాదు డెస్కులో శిక్షణకు రమ్మంది. రెండేళ్లు మానకూడదని షరతు. మూడు వారాల్లో జవాబు చెప్పాలి. నాకేమో ఎమ్మెస్సీ చదవాలని కోరిక. ఇంట్లో జీతం అవసరం. ఈ లెక్క నేనెలా చేశానో చెబితే రేపు మీలో ఒకరికైనా అక్కరకొస్తుందని ఇది రాస్తున్నాను.

వార్తాసంస్థ అంటే

పత్రిక వేరు, వార్తాసంస్థ వేరు. పత్రిక పాఠకులకు వార్తలు అందిస్తుంది. వార్తాసంస్థ ఆ పత్రికలకే వార్తలు అందిస్తుంది. ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 1947 ఆగస్టులో మద్రాసులో రిజిస్టరై, 1949లో పని ప్రారంభించింది. యు.ఎన్.ఐ. 1961లో వచ్చింది. ఢిల్లీలో విలేకరిని పెట్టుకునే స్తోమత లేని చిన్న పత్రిక సైతం అక్కడి వార్త వేయగలగడం ఇలాంటి సంస్థల చలవే.

మన ఫిజిక్సు ప్రాక్టికల్సు గుర్తు చేసుకోండి. వెర్నియర్ కాలిపర్సులో శూన్యాంశ దోషం ఉంటే, నూరు రీడింగులు తీసి సగటు కట్టినా ఆ తప్పు పోదు. వార్తాసంస్థ కూడా అలాంటి పరికరమే. అక్కడ ఒక అంకె తప్పితే, దాన్ని తీసుకున్న పత్రికలన్నిటిలోనూ అదే తప్పు అచ్చవుతుంది. "అన్ని పేపర్లలోనూ ఉంది కదా, నిజమే అయ్యుంటుంది" అని మనం నమ్మేస్తాం.

రెండో పరికరంతో సరిచూసుకోవడం దానికి విరుగుడు. ఎమర్జెన్సీలో, 1976లో, పి.టి.ఐ., యు.ఎన్.ఐ., హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి నాలుగింటినీ కలిపి 'సమాచార్' అనే ఒకే సంస్థగా చేశారు. సరిచూసుకునే వీలు పోయింది. 1978లో వాటిని మళ్లీ విడదీశారు.

మా ఊరి అనుభవం

మా ఊరు భీమడోలు దిగువన, కొల్లేటి ఒడ్డున. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు +5 కాంటూరును హద్దుగా తీసుకున్నారు. అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. ఆ హద్దు లోపలి చేపల చెరువులను 2006లో కొట్టేశారు. ఇక్కడ అయిదు అంటే సముద్రమట్టానికి అయిదు అడుగులు. మా రెండెకరాలు ఆ గీతకు కాస్త ఎగువన ఉన్నాయి.

రెండేళ్ల క్రితం ఒక పేపర్లో 'అయిదు మీటర్లు' అని పడింది. అయిదు మీటర్లంటే పదహారు అడుగుల పైమాట. పది అడుగుల కాంటూరుకే సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లని లెక్క. ఆ ప్రకారమైతే మా చేనే కాదు, చుట్టుపక్కల ఊళ్లూ లోపలికి పోతాయి! నాన్న ఆ రాత్రి నిద్రపోలేదు. అది అడుగులేనని తెల్లారాక నేను లెక్క వేసి చూపిస్తేగాని ఆయన టీ గ్లాసు ముట్టలేదు.

ఏలూరు సంగతీ అంతే. 2020 డిసెంబరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీద కూడా నిపుణుల దృష్టి పడింది. ఒక పదార్థం 'కనిపించింది' అనడానికీ, 'అదే కారణం' అనడానికీ ఎంత తేడా! ల్యాబులో రెండేళ్లు నిలబడిన మనకు ఆ తేడా తెలుసు.

ముగ్గురి సలహా

మా లెక్చరర్ గారు "ఎమ్మెస్సీ వదలకు. ఒకసారి చదువు ఆగితే మళ్లీ పుస్తకం పట్టడం కష్టం" అన్నారు. అది నిజమే.

తాడేపల్లిగూడెంలో విలేకరిగా ఉన్న మా బాబాయి వరసాయన మరోలా చెప్పారు. ఆయన రోజూ ఉల్లిపాయల మార్కెట్ ధర పంపుతారు. "ధరలో ఒక అంకె తప్పితే రైతు లారీ ఎక్కించిన సరుకు దింపేస్తాడబ్బాయ్! జీతం తరవాత అడుగు. తప్పొస్తే ఎవరు దిద్దుతారో ముందడుగు" అన్నారు.

నేను ఆ మాటే సంస్థకు రాసి అడిగాను. సవరణ పంపే పద్ధతి ఉందనీ, శిక్షణలో మొదటి ఆరు నెలలు నేను రాసిందల్లా ఒక సీనియరు చూస్తారనీ జవాబొచ్చింది. రెండేళ్ల షరతు మాత్రం సడలించలేదు.

చివరికి నాన్నను అడిగాను. గట్టు మీద కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. "కౌలు కాగితమైనా ఇంత జాగ్రత్తగానే వింటాం కదరా" అని నవ్వి, కాసేపాగి, "ఆ అడుగులకీ మీటర్లకీ తేడా తెలిసినోడు ఒక్కడు అక్కడుంటే, ఆ రాత్రి నేను నిద్రపోయుండేవాణ్ణి" అన్నాడు.

నేను చేరుతున్నాను. ఎమ్మెస్సీ రెండేళ్లు వెనక్కి పోతుంది. ఆ నష్టం చిన్నదని నేననను. మీకూ ఇలాంటి పిలుపు వస్తే సంస్థ పేరు చూసి పొంగిపోవద్దు, భయపడి మానవద్దు. షరతులు ఆసాంతం చదవండి. తప్పు దిద్దే ఏర్పాటేమిటో అడగండి. మీరు నేర్చిన చదువు అక్కడ ఎవరికి ఉపయోగపడుతుందో ఆలోచించండి. ఈ సంచిక మీ చేతికందేసరికి నేను హైదరాబాదులో ఉంటాను. నా వార్తలో అంకె తప్పితే మొహమాటపడకుండా ఉత్తరం రాయండి.